మాగిన కోళ్ల పెంట

తోటలకు చేరే కోళ్ల పెంట అంతా ఒక్క రకం కాదు. వరంగల్, హనుమకొండ జిల్లాల ఊళ్లలో దొరికేది ముఖ్యంగా మూడు తీరులుగా ఉంటుంది. బ్రాయిలర్ కోళ్లను షెడ్డు నేల మీద రెండు మూడు అంగుళాల మందాన వరి ఊక పరిచి పెంచుతారు. ఐదారు వారాలకు కోళ్లు అమ్ముడుపోయాక ఊక, రెట్ట, రాలిన ఈకలు, కింద పడిన దాణా కలిసిపోయి పొడిపొడిగా మిగులుతాయి. ఫారాల వాళ్లు దాన్ని లిటర్ అంటారు. గుడ్ల కోళ్లు ఎక్కువగా బోనుల్లో ఉంటాయి. వాటి కింద ఊక కలవని ఉత్త రెట్ట కుప్పపడుతుంది. దానికి తడి ఎక్కువ, వాసన ఎక్కువ, బలమూ ఎక్కువే. మూడోది పెరటి గూటి చెత్త. నాలుగు నాటుకోళ్లో, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లో ఉన్న ఇంట్లో గూడు ఊడ్చినప్పుడల్లా గడ్డి, పొట్టు, రెట్ట కలిసి తట్టెడు పోగవుతుంది.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో ఎరువంటే పశువుల పెంటే. ఇంటి వెనక పెంటకుప్ప ఏడాదంతా పెరిగి, రోహిణి కార్తెలో బండ్లకెక్కి, మృగశిరలో దుక్కిలో కలిసేది. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు తగ్గాయి, వాటితోపాటే పెంటకుప్పలూ తగ్గాయి. అదే కాలంలో కోళ్ల పెంపకం పెద్ద పరిశ్రమ అయింది. 2019 నాటి 20వ పశుగణనలో కోళ్లు, ఇతర పెంపుడు పక్షులు కలిపి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 10.8 కోట్లు, తెలంగాణలో దాదాపు 8 కోట్లు లెక్కకు వచ్చాయి. గుడ్లు పెట్టే ఫారం కోడి ఒక్కటి రోజుకు వంద గ్రాములకు పైగా పచ్చి రెట్ట వేస్తుంది. ఫారాల్లో పేరుకున్న ఈ పెంట ట్రాక్టర్ల మీద మిరప చేన్లకు, కూరగాయల మడులకు చేరుతోంది. బస్తాల్లో నిండి హనుమకొండ మిద్దెతోటల దాకా వస్తోంది. చేన్లలోనైనా కుండీల్లోనైనా సాధారణంగా జరిగే పొరపాటు ఒకటే, పశువుల పెంటను చల్లినట్టే దీన్నీ చల్లేయడం. పశువుల పెంట గంపెడు ఎక్కువైనా మొక్క ఓర్చుకుంటుంది. కోళ్ల పెంటను మాత్రం మాగబెట్టాలి, తూకం చూసి వేయాలి.

ఈ తేడాకు మూలం పక్షి శరీరంలోనే ఉంది. కోడికి మూత్రం వేరుగా రాదు. శరీరంలో మిగిలిపోయిన నత్రజని యూరిక్ ఆమ్లంగా మారి రెట్టతో కలిసే బయటికి వస్తుంది. రెట్ట మీద తెల్లగా సున్నంలా కనిపించేది అదే. రెట్టలోని నత్రజనిలో సుమారు 60 శాతం ఈ రూపంలోనే ఉంటుంది. యూరిక్ ఆమ్లం నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. పొడిగా ఉన్నంతకాలం నత్రజనిని పట్టి ఉంచుతుంది. తడి తగిలితే సూక్ష్మజీవులు దాన్ని యూరియాగా, ఆ యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. షెడ్డులో అడుగుపెట్టగానే కళ్లు మండించేది ఈ అమ్మోనియానే. అంటే ముక్కుకు తగులుతున్న ఘాటంతా మొక్కకు చేరకుండా గాలిలో కలిసిపోతున్న నత్రజని.

పొడితనం ఎంత విలువైనదో చెప్పడానికి పెరూ తీరంలోని చించా దీవుల చరిత్ర ఒక్కటి చాలు. అక్కడ వాన దాదాపు పడదు. అందుకే సముద్రపక్షుల రెట్ట వందల ఏళ్లుగా సారం పోకుండా గుట్టలుగా పేరుకుంది. 19వ శతాబ్దం మధ్యలో యూరప్, అమెరికా రైతులు గ్వానో అనే ఆ ఎరువు కోసం ఎగబడ్డారు. 1864లో స్పెయిన్ నౌకాదళం ఆ దీవులను ఆక్రమించుకోవడంతో పెరూతో యుద్ధమే వచ్చింది. ఓరుగల్లు నేల మీద జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గట్టి వానలు కురుస్తాయి. ఇక్కడ అదే రెట్టను ఆరుబయట వదిలేస్తే నెల రోజుల్లో సగం నత్రజని పోతుంది. వేసవిలో చేన్లో చిన్న చిన్న కుప్పలు పోసి, దుక్కి దున్నేదాకా వారాల తరబడి ఎండకు వదిలే అలవాటు పశువుల పెంటకే నష్టం. కోళ్ల పెంట విషయంలో అది డబ్బులిచ్చి కొన్న ఎరువును గాలికి వదలడమే.

బాగా ఆరిన కోళ్ల పెంటలో సగటున నత్రజని 3 శాతం, భాస్వరం 2.6 శాతం, పొటాష్ 1.4 శాతం ఉంటాయి. పశువుల పెంటలో నత్రజని, పొటాష్ చెరో అర శాతం, భాస్వరం 0.2 శాతం మాత్రమే. దుకాణం లెక్కలో చెప్పాలంటే, ఆరిన కోళ్ల పెంట ఒక టన్నులో ఉండే పోషకాలు ఒక బస్తాకు కాస్త పైగా డీఏపీ, దాదాపు ఒక బస్తా యూరియా, ఇరవై కిలోలకు పైగా మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో ఉండే వాటితో సమానం. వీటికి తోడు కాల్షియం, మెగ్నీషియం, గంధకం, జింకు, రాగి కూడా ఉంటాయి. అయితే ఈ లెక్క ఆరిన పెంటకే వర్తిస్తుంది. బోనుల కింది పచ్చి రెట్టలో డెబ్బై శాతానికి పైగా నీళ్లే. తడి రెట్టను టన్ను చొప్పున కొనడమంటే ఎక్కువ భాగం నీళ్లకు కిరాయి కట్టడమే. ఇంకో సంగతి, ఇందులోని నత్రజని అంతా ఒకే పంటకు అందదు. దాదాపు సగం మొదటి పంట కాలంలో విడుదలవుతుంది, మిగతాది మెల్లగా తర్వాతి పంటలకు అందుతుంది. యూరియాకు లేని మేలు ఇదే.

పచ్చి పెంటను మొక్క మొదట్లో వేస్తే రెండు మూడు రోజుల్లో ఆకుల అంచులు మాడతాయి, లేత నారు తలలు వేలాడేసి చస్తుంది. రైతులు దీన్ని వేడి అంటారు. ఆ మాటలో పొరపాటేమీ లేదు, పచ్చి పెంట తడిస్తే నిజంగానే వేడెక్కుతుంది. కానీ వేళ్లను చంపేది ఒక్క ఉష్ణోగ్రతే కాదు. అమ్మోనియా వేళ్ల కొసలను కాలుస్తుంది. రెట్టలోని లవణాలు మట్టినీళ్లలో చిక్కబడి, వేరు నీళ్లు పీల్చుకోకుండా అడ్డుపడతాయి. కుండీలో మట్టి తక్కువ, ఆ లవణాలకు పోవడానికి చోటూ లేదు. అందుకే మిద్దెతోటల్లో ఈ దెబ్బ చేన్లలో కంటే గట్టిగా తగులుతుంది.

విరుగుడు మాగబెట్టడమే. కుప్పలో మాగేటప్పుడు సూక్ష్మజీవులు అమ్మోనియాను తమ శరీరాల్లోకి తీసుకుని, మెల్లగా విడుదలయ్యే రూపంలోకి మారుస్తాయి. అందుకు వాటికి నత్రజనితోపాటు కార్బన్ కావాలి. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కార్బన్ ఉంటే కుప్ప చక్కగా నడుస్తుంది. రెట్టలో ఒక పాలు నత్రజనికి కార్బన్ పది పాళ్లకు అటూ ఇటూగానే ఉంటుంది. ఊక కలిసిన బ్రాయిలర్ లిటర్‌లో కొంచెం మెరుగు, అయినా చాలదు. పైగా వరి ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి అది త్వరగా చివకదు, దానిలోని కార్బన్ సూక్ష్మజీవులకు వెంటనే అందదు. కాబట్టి ఎండిన పదార్థం బయటినుంచి కలపాలి. వరంగల్ పల్లెల్లో దానికి కొరత లేదు. రాలిన వేపాకు, కానుగాకు, వరిగడ్డి, మక్క చొప్ప, చిన్న ముక్కలుగా కొట్టిన పత్తి కట్టె, అన్నీ పనికొస్తాయి. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేన్లలో తగలబెట్టే పత్తి కట్టె, మక్క చొప్ప ఈ కుప్పలకు చేరితే ఒక్క పనితో రెండు మేళ్లు జరుగుతాయి.

కుప్ప కనీసం మూడు అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు ఉండాలి. అంతకంటే చిన్నదైతే పుట్టిన వేడి నిలవదు. చెట్టు నీడలోనో రేకుల కిందో, నీళ్లు నిలవని మెరకలో పెట్టాలి. అడుగున పుల్లలు, కట్టెముక్కలు జానెడు పరిస్తే కిందినుంచి గాలి ఆడుతుంది. దాని మీద ఎండాకు ఒక వరుస, పెంట ఒక వరుస. ఒక తట్ట బ్రాయిలర్ లిటర్‌కు రెండు మూడు తట్టల ఎండాకు, ఊక లేని గుడ్ల కోళ్ల రెట్టకైతే మూడు నాలుగు తట్టలు పట్టించాలి. ప్రతి వరుసనూ తడపాలి. ఎంత తడి అంటే, గుప్పెడు తీసి గట్టిగా పిసికితే వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు, పొడిగా విడిపోతే తక్కువైనట్టు. మధ్యలో పాత ఎరువో చెరువు మట్టో నాలుగు పారలు చల్లితే కావాల్సిన సూక్ష్మజీవులు ముందే చేరతాయి.

రెండు మూడు రోజుల్లో కుప్ప లోపలి వేడి 55 నుంచి 65 డిగ్రీలకు చేరుతుంది. ఇనుప ఊచను మధ్యలోకి దింపి పది నిమిషాల తర్వాత తీస్తే, చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. ఈ వేడే జబ్బులు తెచ్చే క్రిములను, గడ్డి విత్తనాలను, ఈగల పిల్లపురుగులను చంపుతుంది. బయటి వైపు పదార్థానికి ఆ వేడి తగలదు కాబట్టి వారం పది రోజులకోసారి తిరగేసి, బయటిది లోపలికి, లోపలిది బయటికి వేయాలి. అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో ఇలా తిరగేసే వాములు కనీసం 15 రోజులు 55 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలని, ఆ లోపు ఐదుసార్లు తిరగేయాలని నియమం ఉంది. ఇంటి కుప్పకు అంత కచ్చితంగా చేయలేకపోయినా, వేడెక్కని కుప్పను మాగిన కుప్పగా లెక్కపెట్టకూడదన్నది మాత్రం గట్టిగా పాటించాలి. వరంగల్ ఎండలకు వేసవి కుప్ప మూడు రోజులకే పైన పొడిబారుతుంది. తిరగేసిన ప్రతిసారీ నీళ్లు చల్లక తప్పదు. వానాకాలంలో ఇబ్బంది తలకిందులవుతుంది, అప్పుడు పైన పట్టా కప్పాలి.

ఘాటైన వాసన వస్తుంటే ఎండాకు చాలలేదని అర్థం. మురుగు వాసన వస్తే తడి ఎక్కువై గాలి ఆడటం లేదని. జిప్సం కొద్దిగా చల్లితే అమ్మోనియా అమ్మోనియం సల్ఫేట్‌గా కుప్పలోనే నిలుస్తుంది. ఈ సందర్భంలో ఒక పాత అలవాటును ప్రత్యేకంగా చెప్పాలి. పేలు పట్టకుండా కోళ్ల గూట్లో పొయ్యి బూడిద చల్లడం, ఈగలు ముసరకుండా పెంట మీద సున్నం చల్లడం చాలా ఇళ్లలో ఉంది. బూడిద, సున్నం రెండూ క్షారాలు. అవి తగిలితే అమ్మోనియా మరింత త్వరగా ఎగిరిపోతుంది. బూడిదలోని పొటాష్ తోటకు మంచిదే, కానీ దాన్ని విడిగా దాచి మాగిన ఎరువుతోపాటు మట్టిలో వేయాలి.

రెండు నెలలకు కుప్ప వేడి తగ్గి సగానికి కుంగుతుంది. ఇంకో నెల కదపకుండా ఉంచితే పక్వానికి వస్తుంది. ఫిబ్రవరి చివర్లో వేసిన కుప్ప మృగశిర కార్తె నాటికి, శ్రావణంలో వేసిన కుప్ప యాసంగి కూరగాయల నాటికి చేతికొస్తాయి. మాగిన ఎరువు ముదురు గోధుమరంగులో చల్లగా ఉండి, తొలకరికి తడిసిన మట్టి వాసన వేస్తుంది. అందులో ఊక మాత్రం ఇంకా గుర్తుపట్టేలా ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. అనుమానం ఉంటే ఒక డబ్బాలో ఆ ఎరువు సగం, మట్టి సగం కలిపి పెసలు చల్లి చూడటం తేలికైన పరీక్ష. వారంలో మొలకలు పచ్చగా నిలబడితే వాడుకోవచ్చు. పసుపుబారినా, మొలకెత్తకపోయినా ఇంకో మూడు వారాలు ఆగాలి.

ఇంట్లో కోళ్లున్నవాళ్లు కుప్ప పనిలో కొంత భాగాన్ని గూట్లోనే ముగించవచ్చు. నేల మీద అర అడుగు మందాన పొట్టు, ఎండాకు పరిచి, రెట్ట కనిపించినప్పుడల్లా మీద ఇంకో పొర ఎండాకు చల్లుతూ పోవాలి. గుప్పెడు నూకలు విసిరితే కోళ్లే దాన్ని గీరి తిరగేస్తాయి. నీళ్ల గిన్నె ఒలికి ముద్దయిన చోటు మాత్రం వెంటనే తీసేయాలి. ఇలా ఆర్నెల్లు నడిచిన పరుపు సగం మాగే ఉంటుంది. దాన్ని తీశాక నెలన్నర కుప్పలో ఉంచితే చాలు.

మోతాదు దగ్గర చేతికి అదుపు కావాలి. మాగిన కోళ్ల ఎరువు చదరపు మీటరుకు అర కిలో నుంచి కిలో వరకు సరిపోతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పున్న మడికి దాదాపు ఐదు నుంచి తొమ్మిది కిలోలు. ఎకరా లెక్కలో అర కిలో చొప్పున రెండు టన్నులవుతుంది. నాటడానికి రెండు వారాల ముందు వేసి, జానెడు లోతు మట్టిలో కలిపి తడపాలి. కుండీ మిశ్రమంలో పదింట ఒక వంతు దాటనివ్వకూడదు. కాసే చెట్లకు మొదలుకు తగలకుండా, కొమ్మల నీడ అంచున పాదు తీసి వేయాలి.

పాలకూర, తోటకూర, పుంటికూర, సొర, బీర, వంగ వంటివి దీన్ని బాగా అందుకుంటాయి. మక్కకూ మంచిదే. చిక్కుడు, బొబ్బర్లు వేరు బుడిపెల్లో తమ నత్రజనిని తామే తయారు చేసుకుంటాయి కాబట్టి వాటికి వేస్తే తీగ పెరుగుతుంది, కాయ తగ్గుతుంది. ముల్లంగి, ఉల్లి కూడా అంతే, ఆకు ఏపుగా వచ్చి గడ్డ చిన్నదవుతుంది. వీటిని ముందు పంటకు వేసిన ఎరువు మీదే పండించడం మంచి పద్ధతి. మిరప, టమాటలకు దుక్కిలో ఒకసారి వేసి ఆపాలి. పూతకొచ్చాక మళ్లీ వేస్తే చెట్టు లేత చిగుళ్లతో గుబురెక్కి రసం పీల్చే పురుగులను పిలుస్తుంది. 2021-22లో నల్ల తామరపురుగు వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం మిరప తోటలను ఎలా తుడిచిపెట్టిందో ఇక్కడి రైతులకు చెప్పనక్కర్లేదు. ఆ పురుగు కోళ్ల పెంట వల్ల రాలేదు. కానీ నత్రజని ఎక్కువైన తోట అలాంటి పురుగుకు మెత్తని మేత అవుతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిరప లాంటి విలువైన పంట వేసేవారు ఈ సంగతి ముందే లెక్కలోకి తీసుకోవాలి.

నేలను బట్టి కూడా ఎంపిక మారాలి. వరంగల్ చుట్టూ ఉన్న ఎర్ర చెలక నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, నీరు నిలవదు. అక్కడ ఊక, ఎండాకు కలిసి మాగిన లిటర్ నేల గుణాన్నే మారుస్తుంది. చెలకలో పోషకాలు నీళ్లతో కిందికి దిగిపోతాయి కనుక ఒకేసారి కాకుండా రెండు విడతలుగా వేయడం మేలు. నల్ల రేగడికి ముందే సున్నం పాలు ఎక్కువ. గుడ్ల కోళ్ల దాణాలో పెంకు కోసం కాల్షియం 4 శాతం వరకు కలుపుతారు, అందులో కొంత రెట్టలోకి వస్తుంది. కాబట్టి రేగడికి బ్రాయిలర్ లిటర్ నయం. చివకని ఊక బిగుసుకుపోయే ఆ మట్టిని గుల్లబరుస్తుంది కూడా.

ఆరోగ్యం విషయంలో రాజీ పనికిరాదు. పచ్చి రెట్టలో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్, ఈ-కోలై లాంటి క్రిములు ఉండవచ్చు. వండకుండా తినే కొత్తిమీర, పుదీన, ముల్లంగి, కీర మడుల్లో పచ్చి పెంట అసలు వాడకూడదు. అమెరికా సేంద్రియ నియమాల ప్రకారం మాగని పెంట వేస్తే, తినే భాగం నేలకు తగిలే పంటలకు కోతకు 120 రోజుల ముందే, తగలనివాటికి 90 రోజుల ముందే వేయాలి. పాలకూర నెలన్నరకే కోతకొస్తుంది, అంటే దానికి మాగినదే దిక్కు. పెంటను నీళ్లలో కలిపి ఆకుల మీద చల్లడం మరీ ప్రమాదం. ఎత్తిపోసేటప్పుడు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, కొద్దిగా తడి చిలకరించాలి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. కొనే లిటర్‌లో చచ్చిన కోళ్లు ఉంటే వద్దనాలి. కుళ్లిన కళేబరంలో పుట్టే బొటులినం విషం పశువుల ప్రాణం తీస్తుంది. కుప్ప దగ్గరికి గొడ్లను, కుక్కలను రానివ్వకూడదు. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలాంటప్పుడు జబ్బు సోకిన ఫారాల లిటర్‌ను కూడా నాశనం చేయాలే తప్ప బయటికి కదిలించకూడదు. కాబట్టి ఏ ఫారం నుంచి వస్తోందో తెలియని చవక పెంటను, ముఖ్యంగా ఇంట్లో కోళ్లున్నవాళ్లు, తెచ్చుకోకపోవడమే క్షేమం. సేంద్రియ ధ్రువీకరణ కోరుకునే రైతులు పారిశ్రామిక ఫారాల ఎరువుపై ఉన్న ఆంక్షలను ముందే ధ్రువీకరణ సంస్థ దగ్గర తెలుసుకోవాలి.

తక్కువగా చర్చకు వచ్చేది భాస్వరం. మొక్కకు నత్రజనితో పోలిస్తే భాస్వరం కొద్దిగానే కావాలి. కోళ్ల పెంటలో రెండూ దాదాపు సమానంగా ఉన్నాయి. నత్రజని అవసరమంతా ఏటా ఈ పెంటతోనే తీర్చుకుంటూ పోతే మట్టిలో భాస్వరం పేరుకుపోతుంది. అది ఎక్కువైతే మొక్క జింకును తీసుకోలేదు. తెలంగాణ నేలల్లో జింకు లోపం ముందునుంచే ఉంది, మక్కలోనూ వరిలోనూ ఆకులు పాలిపోవడం రైతులు చూస్తున్నదే. మిగిలిన భాస్వరం వానకు కొట్టుకుపోయి చెరువుల్లో చేరుతుంది. నాచు, గుర్రపుడెక్క అల్లుకుని, నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. అమెరికాలోని చెసపీక్ అఖాతం చుట్టూ కోళ్ల ఫారాలు దట్టంగా ఉన్న జిల్లాల్లో ఇదే జరిగి, చివరికి పొలాలకు లిటర్ ఎంత వేయాలో భాస్వరం లెక్కన చట్టాలు చేయాల్సి వచ్చింది. పాకాల, రామప్ప లాంటి కాకతీయుల చెరువులతో గొలుసుకట్టుగా అల్లుకున్న నేలలో ఇది ఇంకా పెద్ద మాట, ఒక చెరువులో చేరింది అలుగు దూకి కింది చెరువుకు పోతుంది. చెరువు కట్టకు, వాగుకు, బావికి దగ్గరలో పెంట కుప్ప పోయకూడదు. వాన ముంచుకొస్తున్న రోజు చేన్లో చల్లి వదిలేయకూడదు, చల్లిన రోజే మట్టిలో కలపాలి.

రెండు మూడేళ్లు వరసగా కోళ్ల ఎరువు వేసిన తోటకు మట్టి పరీక్ష చేయించాలి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల సలహా దొరుకుతుంది. భాస్వరం ఎక్కువని ఫలితం వస్తే ఒకటి రెండేళ్లు కోళ్ల పెంట ఆపి, పచ్చిరొట్ట కోసం జనుమో జీలుగో వేసి పూతకు ముందు కలియదున్నాలి. అవి గాలిలోని నత్రజనిని నేలకు తెస్తాయి, భాస్వరాన్ని కొత్తగా చేర్చవు. ఆ మధ్యకాలంలో పోగయిన కోళ్ల పెంటను రేకుల కింద ఆరబెట్టి సంచుల్లో కట్టి, తడి తగలకుండా దాచవచ్చు.